బ్యాటరీ కోసం హైదరాబాదు ప్రయాణం

మిర్యాలగూడ నుండి హైదరాబాదుకు నేను ఎన్నిసార్లు వెళ్లివచ్చానో లెక్కలేదు. ఆసుపత్రి పనుల మీద వెళ్లాను, పెండ్లిండ్లకు వెళ్లాను, మైకుసెట్టు సామానుకు వెళ్లాను. అయితే అగ్గిపెట్టెంత బ్యాటరీ కోసం బస్సెక్కి అంతదూరం వెళ్లడం 2023 ఆగస్టులోనే జరిగింది. ఈ మాట చెబితే చాలామంది నవ్వారు. నా భార్య మాత్రం నవ్వలేదు. "రానుపోను చార్జీలకు ఇంకో నాలుగైదు వందలు కలిపితే కొత్త ఫోనే వస్తుంది గదా" అన్నది. ఆమె మాట న్యాయమే. నా మొండితనం సంగతి ముందే ఒప్పుకొని మిగతాది చెబుతాను.

నాది బటన్ల ఫోను. 2012లో కొన్నది. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే తప్పు కంపెనీది కాదని చివరకు తేలింది. చుట్టుపక్కల మూడు పల్లెల్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరింట్లో కీడు జరిగినా ఆ నంబరుకే మోగిస్తారు. మా ఊరి చివర ఒంటరిగా ఉండే ఒక అవ్వకైతే అది సొంత ఫోను కిందే లెక్క. ఆమె కొడుకు లారీ డ్రైవరు. మిర్యాలగూడ మిల్లుల నుండి బియ్యం లోడు వేసుకొని కేరళ దాకా పోతాడు. ఏ దాబా దగ్గర ఆగితే అక్కడి నుండి నాకు ఫోను చేస్తాడు. నేను ఫోను పట్టుకొని అవ్వ ఇంటికి నడుస్తాను. అయిదు నిమిషాల తర్వాత అతడు మళ్లీ మోగిస్తాడు. ఏడెనిమిదేండ్లుగా ఇదే పద్ధతి.

టచ్ ఫోను ఇవ్వవచ్చు గదా అంటారేమో. నా భార్య ఫోను ఇచ్చి చూశాము. అవ్వ దాన్ని చెవికి ఆనించదు. అద్దం చూసుకున్నట్టు ముఖం ముందు పట్టుకొని గట్టిగా మాట్లాడుతుంది. బొటనవేలు పోయి ఎర్రగుర్తు మీద పడుతుంది, మాట తెగిపోతుంది. బటన్ల ఫోనైతే చెవికి గట్టిగా అదుముకొని కండ్లు మూసుకుంటుంది.

ఆ ఏడు జూన్‌లో ఫోనుకు రోగం పట్టింది. ఊరికే ఉన్నంతసేపు బాగానే ఉండేది, చార్జింగు మూడు గీతలు చూపేది. మోగగానే, లేదా ఎత్తి "హలో" అనగానే, పొయ్యిలో నీళ్లు పోసినట్టు ఆరిపోయేది. మళ్లీ నొక్కితే వెలిగేది, మళ్లీ మూడు గీతలే చూపేది.

జూలైలో ఒక సాయంకాలం అవ్వకూ కొడుకుకూ మాటామాటా పెరిగింది. ఉన్న అరెకరం అమ్మి లారీ కిస్తీలు కట్టుకుంటానని అతడు అడిగాడు. "నేను సచ్చినంక అమ్ముకో బిడ్డా" అన్నది ఆమె. సరిగ్గా ఆ మాట దగ్గర ఫోను ఆరిపోయింది. కొడుకు కోపంతో పెట్టేశాడని ఆమె అనుకున్నది. తల్లి కోపంతో పెట్టేసిందని అతడు అనుకున్నాడు. మూడు వారాలు అతని ఫోను రాలేదు. నా భార్య ఫోనుతో నేనే చేశాను. రెండుసార్లు ఎత్తలేదు, మూడోసారి ఎత్తాడు. ఫోను చెడిపోయిందయ్యా అని చెబితే నవ్వి, "మీరు మంచికే చెప్తున్నరు అయ్యగారూ, కని ఫోను మీద పెట్టకుండ్రి" అన్నాడు. ఇటు అవ్వ కూడా అదే మాట అన్నది. అప్పటినుండి ఆ ఫోనును బాగుచేయించకుండా నిద్రపట్టలేదంటే నమ్మండి.

అందరిలాగే నేనూ మొదట బ్యాటరీనే అనుమానించాను. ఎందుకో చెబుతాను. మన ఆరాధన స్థలాల్లో ఆంప్లిఫయరు పక్కన ఫోను పెడితే, అది మోగడానికి ఒక క్షణం ముందే స్పీకర్లో టిర్ర్ టిర్ర్ మని చప్పుడొస్తుంది, విన్నారు గదా. పాత 2జి ఫోను టవరుతో మాట్లాడేటప్పుడు ధారగా మాట్లాడదు. సెకనుకు రెండు వందల పైచిలుకు సార్లు చిన్నచిన్న దెబ్బలుగా తరంగాలను పంపుతుంది. ఆ దెబ్బల చప్పుడే స్పీకర్లో వినబడేది. దెబ్బ పడ్డ ప్రతిసారీ బ్యాటరీ నుండి కరెంటును గబుక్కున లాగుతుంది. టవరు దూరమై సిగ్నలు బలహీనంగా ఉన్నచోట ఆ లాగుడు రెండు ఆంపియర్ల దాకా పోతుంది. మా ఊళ్లో సిగ్నలు ఒక గీతే. ముసలి బ్యాటరీ ఖాళీగా కూర్చున్నప్పుడు నిండుగా కనబడుతుంది, బరువు ఎత్తమంటే కూలబడుతుంది. వోల్టేజీ పడిపోగానే ఫోను తనంతట తానే ఆరిపోతుంది.

నా ఫోనులో పట్టే బ్యాటరీ బి.ఎల్.5సి రకం. ఈ కొలత అనేక కంపెనీల బటన్ల ఫోన్లలో, మెమొరీ కార్డుతో పాటలు పాడే చిన్న స్పీకరు డబ్బాల్లో కూడా పడుతుంది గనుక దొరకడం కష్టం కాదు. మంచిది దొరకడమే కష్టం. మా ఊరి కొట్టులో 120 రూపాయలకు ఒకటి తెచ్చాను. మీద బంగారు రంగు చీటీ, దానిపై 2400 అని పెద్ద అంకె. నాలుగు రోజులు నడిచింది. అయిదోరోజు పాత కథే. మిర్యాలగూడలో 250 రూపాయలకు ఇంకొకటి కొన్నాను. అది మొదటిరోజే ఆరిపోయింది. కొట్టు అతన్ని అడిగితే, "అసలుది హైదరాబాదులోనే దొరుకుతది సార్" అన్నాడు.

ఇంట్లో కొన్ని ప్రయోగాలు కూడా చేశాను. టార్చిలైటు సెల్లుల మాదిరి ఫోను బ్యాటరీని ఎండలో పెట్టాను. అది తప్పట. ఈ లిథియం బ్యాటరీలకు వేడి పడదు, ఎండలో పెడితే ఉన్న ఆయుష్షు తగ్గుతుంది. బ్యాటరీ వదులైందేమోనని క్యాలెండరు కాగితం మడతపెట్టి సందులో దూర్చాను. ఒక పూట బాగుపడి మళ్లీ మొదటికొచ్చింది. ఫోనులోని రేకు కాళ్లు మాసిపోయాయని పిన్నీసుతో గీకాను. దీని సంగతి ముందు ముందు వస్తుంది.

ఒక్క ప్రయోగం మాత్రం తెలివైనదే. మా పిల్లవాడి స్పీకరు డబ్బాలో ఉన్న బ్యాటరీని ఫోనులో వేశాను, ఫోను బ్యాటరీని డబ్బాలో వేశాను. డబ్బా రాత్రి దాకా చక్కగా పాడింది. ఫోను మోగగానే ఆరిపోయింది. అంతటితో నాకు అర్థం కావలసింది. కాని డబ్బా సన్నగా పాడేటప్పుడు దానికి పట్టే కరెంటు కొంచెమే, ముసలి బ్యాటరీతోనైనా పాడుతుంది, డబ్బా బ్యాటరీ కూడా పాతదే గదా అని నాకు నేనే వాదన చెప్పుకొని బస్సెక్కాను.

తెల్లవారుజామున మిర్యాలగూడలో ఎక్కితే నల్లగొండ దాటేసరికి పొద్దెక్కింది. జూలై చివర దంచికొట్టిన వానలు ఆ ఆగస్టులో ముఖం చాటేశాయి. నార్కెట్‌పల్లి దగ్గర పెద్దరోడ్డు ఎక్కాక చౌటుప్పల్, హయత్‌నగర్ గబగబా వెళ్లిపోయాయి. ఎల్బీనగర్ నుండి మాత్రం బస్సు నత్తకు తమ్ముడే. మూసీ ఒడ్డున మహాత్మాగాంధీ బస్టాండులో దిగి, వంతెన దాటి గౌలిగూడ మీదుగా కోఠికి నడిచాను. మెట్రోరైలు ఎక్కితే ఒక్క స్టేషనే. కాని ఆ దారిలో నడవడం నాకు చిన్ననాటి అలవాటు. నాన్న చేయి పట్టుకొని మొదటిసారి దిగింది గౌలిగూడ పాత బస్టాండులోనే. గుమ్మటంలాంటి ఆ పెద్ద రేకులషెడ్డు నిజాం కాలం నాటిది. 2018 జూలైలో కూలిపోయింది. అటు పోయినప్పుడల్లా కన్ను దానికోసం వెదుకుతుంది.

మైకుసెట్టు కొన్న సంఘాలవారికి కోఠి గుజరాతీ గల్లీని గురించి చెప్పనక్కరలేదు. ఆంప్లిఫయర్లు, హారన్లు, వైర్ల చుట్టలు, ఎవరికీ పేరు తెలియని పురుగుల్లాంటి చిన్నచిన్న భాగాలు. నాకు తెలిసిన దుకాణంలోనే అడిగాను. ఆయన నా బ్యాటరీలు చూసి, "ఇవి మా దగ్గర కాదు సార్, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కు పొండి" అన్నాడు. వచ్చినందుకు రెండు మైకు పిన్నులు కొనుక్కొని బయలుదేరాను.

జగదీశ్ మార్కెట్ చూడనివారు ఒకసారి చూడవలసిందే. చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత దుకాణాలు. ఇటు ఫోను తొడుగులు తోరణాల్లా వేలాడుతుంటాయి, అటు పగిలిన అద్దాలు మారుస్తుంటారు. ప్రతి రెండో బల్ల దగ్గర ఒక కుర్రవాడు భూతద్దం కింద తలవంచి ఉంటాడు, చేతిలో వేడిగాలి గొట్టం, ముక్కుకు సీసం పొగ వాసన. చచ్చిన ఫోన్ల పలకలు తట్టల్లో చింతగింజల్లా పోసి ఉంటాయి. నా ఫోను చూపిస్తే ఇద్దరు కుర్రవాళ్లు ముట్టుకోనైనా లేదు. "పారేయండి అంకుల్" అన్నాడు ఒకడు. మూడోవాడు మాత్రం వేలుపెట్టి మెట్లకింద ఒక మూల చూపించాడు.

అక్కడ అరవై దాటిన ఒక పెద్దమనిషి. తెల్లగడ్డం, కండ్లద్దాలకు దారం కట్టుకున్నాడు. ముందు రేడియోలు, తర్వాత టేపురికార్డర్లు, ఆ తర్వాత ఫోన్లు బాగుచేస్తూ వచ్చాడట. "అసలైన బ్యాటరీ ఒకటి ఇవ్వండి" అన్నాను. "ఇస్తగని, కూసోండి సాబ్. మొదలు బీమారి ఏందో చెప్పుండ్రి" అన్నాడు. వైద్యుడి దగ్గర కూర్చున్నట్టే అనిపించింది.

నా దగ్గరున్న మూడు బ్యాటరీలనూ బల్ల అద్దం మీద పెట్టి ఒక్కొక్కటినే వేలితో తిప్పాడు. మిర్యాలగూడది కదలలేదు. బంగారు చీటీది కదలలేదు. ఫోనుతోపాటు వచ్చిన పాతది మాత్రం బొంగరంలా గిర్రున తిరిగింది. "దీని కడుపు ఉబ్బింది" అన్నాడు. ముసలితనంలో లోపల గ్యాసు పుట్టి నడుమ ఎత్తు వస్తుందట. నేను కండ్లతో చూస్తే కనబడనే లేదు. ఉబ్బినదాన్ని గుచ్చకూడదు, నొక్కకూడదు, చార్జింగు అసలే పెట్టకూడదు, మంట లేచే ప్రమాదముంది. ఆయన దాన్ని బల్లకింద ఇసుక పోసిన డబ్బాలో పడేశాడు. నేను మూడు వారాలుగా ఆ మూడింటినీ జేబులో వేసుకొని తిరుగుతున్నాను!

ఈ రకం బ్యాటరీల విషయంలో ఒకసారి లోకమంతా గాభరా పడింది. 2007 ఆగస్టులో నోకియా కంపెనీయే ప్రకటన చేసింది. 2005 డిసెంబరు నుండి 2006 నవంబరు వరకు మత్సుషితా అనే జపాను కంపెనీ తయారుచేసిన బి.ఎల్.5సి బ్యాటరీలు నాలుగు కోట్ల అరవై లక్షలు, అవి చార్జింగులో వేడెక్కవచ్చునని, కావాలంటే మార్చి ఇస్తామని. అప్పటికి వేడెక్కినట్టు తెలిసినవి వంద దాకా మాత్రమే. నేనప్పుడు కొత్తగా ఫోను కొన్నవాణ్ణి. అందరిలాగే నేనూ బ్యాటరీ తీసి వెనుకనున్న 26 అక్షరాల నంబరు కండ్లు చిట్లించి చదివాను.

ఇక బంగారు చీటీ బ్యాటరీ. "2400 రాసిన్రు. ఈ డబ్బీల వెయ్యి పడితే గొప్ప" అన్నాడు పెద్దమనిషి. నిజమే, ఈ కొలతలో అసలు కంపెనీవారు వేసుకున్న అంకె 1020 దాకానే. సోలెడు పాత్ర మీద మానెడు అని రాసినంతమాత్రాన మానెడు గింజలు పట్టవు గదా. మీటరు పెట్టి చూస్తే దానిలో నాలుగు వోల్టులు ఉన్నాయి. చిన్న బరువు తగిలించగానే ముల్లు సర్రున దిగిపోయింది. దాన్నీ ఇసుక డబ్బాలోకే పంపాడు. మిర్యాలగూడది మాత్రం బరువు పెట్టినా నిలబడింది. "ఇది మంచిదే సాబ్. మల్ల ఎందుకొచ్చిన్రు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు ఫోనులోనుండి బ్యాటరీ తీసేసి, బల్లమీది కరెంటు పెట్టె నుండి రెండు సన్నటి వైర్లను ఫోనులోని రేకు కాళ్లకు గట్టిగా బిగించాడు. ఆ పెట్టెలో ఎన్ని వోల్టులు కావాలంటే అన్ని పెట్టవచ్చు, ఫోను ఎంత కరెంటు లాగుతున్నదో అంకెల్లో కనబడుతుంది. తన ఫోనుతో నా నంబరుకు మోగించాడు. అంకెలు పైకీ కిందికీ గెంతాయి. నా ఫోను ఆరిపోలేదు. అయిదు నిమిషాలు, ఎదురెదురుగా కూర్చొని, ఇద్దరం ఫోనులో మాట్లాడుకున్నాము. ఆయన సొంతూరు, పిల్లలు, నా ఊరు, పంటలు. చాయ్ కూడా వచ్చింది.

"ఫోను మంచిగుంది. బ్యాటరీ మంచిగుంది" అంటూ వైర్లు తీసి మిర్యాలగూడ బ్యాటరీ వేసి మళ్లీ మోగించాడు. ఠక్కున ఆరిపోయింది. ఆయన చిరునవ్వు నవ్వి ఫోనును భూతద్దం కింద పెట్టి నన్ను చూడమన్నాడు. బ్యాటరీకి ఆనుకునే మూడు చిన్న రేకు కాళ్లు కనబడ్డాయి. రెండు స్ప్రింగులా పైకి లేచి ఉన్నాయి. ఓరగా ఉన్న మూడోది లోపలికి అణిగిపోయి ఉంది, దాని మొదట్లో పచ్చటి చిలుము. కాలు బ్యాటరీకి తగిలీతగలక ఉంటే ఫోను ఊరికే ఉన్నప్పుడు సరిపోయే కరెంటు వస్తుంది, మోగినప్పటి లాగుడుకు చాలదు. మంచి బ్యాటరీ వేసినా రోగలక్షణం ముసలి బ్యాటరీదే. చార్జింగు మూడు గీతలు అబద్ధం చెప్పలేదు.

"దీన్ని ఎవరో గీకిన్రు" అన్నాడు. పిన్నీసు సంగతి చెప్పాను. చిలుము నా చెమట జేబు చలవ, అణగడం నా పిన్నీసు చలవ. మొదట పాత బ్యాటరీ నిజంగానే ముసలిదై ఉంటుంది. దాన్ని బాగుచేయబోయి రెండో రోగం నేనే తెచ్చిపెట్టాను. ఆ తర్వాత ఎన్ని బ్యాటరీలు మారిస్తే మాత్రం ఏమి లాభం?

తట్టలోనుండి ఒక చచ్చిన పలక ఏరి, వేడిగాలి పట్టి, దాని రేకు కాళ్లను మొత్తంగా ఊడదీసి నా ఫోనుకు అతికించాడు. చుట్టూ స్పిరిటులాంటి ద్రవంతో బ్రష్షు కొట్టాడు. పావుగంట పని. 150 రూపాయలు తీసుకున్నాడు. "మరి అసలైన బ్యాటరీ?" అన్నాను. "ఉన్నది మంచిగ ఉండంగ ఇంకోటి దేనికి సాబ్? ఏడాదికో రెండేండ్లకో ఇది పోయినంక కొనుండ్రి" అన్నాడు. కొనేటప్పుడు ఏమి చూడాలో కూడా చెప్పాడు. చీటీమీద ఐ.ఎస్.16046 అని, దాని దగ్గర ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి, అంకె మరీ పెద్దదైతే చేయి వెనక్కి తీయాలి, దుకాణంలోనే ఫోనులో వేసి ఎవరితోనైనా మోగించుకొని కనీసం రెండు నిమిషాలు మాట్లాడి చూడాలి. ఆ చివరి మాట బాగుంది. మనం వెలుగుతుందా లేదా అని మాత్రమే చూసి డబ్బులిస్తాము. ఈ విధంగా బ్యాటరీ కోసం వెళ్లినవాణ్ణి బ్యాటరీ కొనకుండానే, మూడింటిలో రెండు వదిలించుకొని తిరుగు బస్సెక్కాను.

చౌటుప్పల్ దాటాక బస్సులోనుండే అవ్వ కొడుక్కి చేశాను. నా నంబరు చూసి ఎత్తాడు. పాలక్కాడ్ దగ్గర ఉన్నాడట. ఫోను బాగైందని చెప్పాను. ఏమీ అనలేదు. నేను పెట్టేయలేదు, ఫోనూ ఆరిపోలేదు. కొంతసేపు లారీ ఇంజను చప్పుడు మాత్రం వినబడింది. ఆ తర్వాత, "నిజంగనే చెడిపోయిండెనా అయ్యగారూ?" అన్నాడు. భూతద్దం కింద చూసినదంతా చెప్పాను.

మరుసటి సాయంకాలం మోగింది. నేను అవ్వ ఇంటికి నడిచాను. ఆమె ఫోను తీసుకోవడానికి ముందు నా ముఖంలోకి చూసింది. అయిదు నిమిషాలకు మళ్లీ మోగింది. ఆమె చెవికి అదుముకొని కండ్లు మూసుకున్నది. మొదట ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు కాబోలు, ఫోను ఆరిపోయిందేమోనని నా గుండె ఝల్లుమన్నది. తర్వాత ఆమె "తిన్నవా బిడ్డా" అన్నది. నేను బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడ్డాను. దోమలు పీకుతున్నాయి. ఆమె ఫోను తెచ్చి ఇచ్చేసరికి చీకటిపడింది. అద్దం మీద ఇరవైరెండు నిమిషాలని ఉంది. అరెకరం సంగతి ఏమి తేల్చుకున్నారో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.